సెలవుల సరుకు తనిఖీ

ఆ ఏడు మా కాలువల మండలిలో సెలవులు సరుకయ్యాయి. అంతకుముందు అవి కాగితం మీద అంకెలు. అవసరమై అడిగినవాడికి లేవనేవారు, అడగనివాడికి బోలెడున్నాయనేవారు. దానితో సరిపోయేది.

సంగతి పైనుంచి వచ్చింది. పై ఆఫీసులో ఎవరో పెద్దాయన మండలి బాకీలన్నీ ఒక పట్టీగా రాయించాడట. సిమెంటు కొట్టుకు ఇవ్వాల్సింది, గ్రీజు కొన్నది, తాళ్ళకు ఇవ్వాల్సింది అన్నీ రాశాక, సిబ్బంది వాడుకోకుండా దాచుకున్న సెలవులు కూడా మండలి తీర్చవలసిన బాకీయే కదా అని ఆయనకు తోచింది. వాటినీ కూడమన్నాడు. మా హెడ్డు గుమాస్తా చయనులు గారు రెండొందల పన్నెండు మంది సిబ్బందివి, జీతపు సెలవులూ జబ్బు సెలవులూ కలిపి, నాలుగు రోజులు కూర్చుని కూడారు. నాలుగో రోజు సాయంత్రం నన్ను పిలిచి మంచినీళ్ళు తెమ్మన్నారు. తొంభై ఒక్క వేల నూట అరవై రోజులు తేలాయి.

నేను ఆ ఆఫీసులో బంట్రోతుని. కాగితం ఇంజనీరు గారి గదిలోకి నేనే తీసుకెళ్ళాను. ఆయన దాన్ని మూడొందల అరవై అయిదుతో భాగించారు. రెండొందల యాభై ఏళ్ళకు మూడు నెలలు తక్కువ వచ్చింది. మా కాలువ తవ్వి నూట ముప్పై ఏళ్ళు.

"అంటే చయనులు గారూ, మనం బాకీ పడ్డ సెలవులు కాలువకన్నా ముందు పుట్టాయన్నమాట," అన్నారు ఇంజనీరు గారు.

చయనులు గారు చిత్తమన్నారు. ఆయన ఇంజనీరు గారి మాట దేన్నీ కాదనగా నేను వినలేదు.

ఇంత నిల్వ ఉన్నాక తనిఖీ ఉండాలి. సెలవుల తనిఖీకి మా నిబంధనల పుస్తకంలో అధ్యాయం లేదు. సరుకు తనిఖీకి ఉంది. సిమెంటు బస్తాలు, షట్టరు పలకలు, గ్రీజు డబ్బాల కోసం తెల్లదొరల కాలంలో రాసింది. చయనులు గారు ఆ అధ్యాయం తీసి, సరుకు అన్న చోటల్లా సెలవు అని పెట్టి టైపు కొట్టించారు. చదివితే ఎక్కడా అతుకు కనపడలేదు. తడి తగలకుండా భద్రపరచవలెను, ఎలుకలు చేరకుండ చూడవలెను అన్న మాటలు కూడా అలాగే ఉండిపోయాయి.

అందులో నాలుగో అంశం ఇది: "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, తనిఖీ ముగియువరకు నిల్వనుండి ఎట్టి సెలవును బయటకు తీయరాదు."

అదీ సబబే. గిడ్డంగిలో బస్తాలు లెక్కపెట్టేటప్పుడు తలుపు వేసేస్తారు. ఒక పక్క లెక్కపెడుతుంటే ఇంకో పక్క పట్టుకుపోతే లెక్క తేలదు. సెలవుల పుస్తకాన్ని గుడ్డలో చుట్టి ఇనప బీరువాలో పెట్టారు. తాళం మీద లక్క సీలు వేశారు. లక్క కరిగించింది నేనే.

మర్నాడు పొద్దున్నే తాతబ్బాయి వచ్చాడు.

తాతబ్బాయి కాలువ చివరి లాకు మీద లష్కరు. చక్రం తిప్పి తలుపులెత్తి, చివరి ఊళ్ళ పొలాలకు నీళ్ళు వదలడం అతని పని. ముప్పై ఒక్క ఏళ్ళు అదే చక్రం. ఎప్పుడో ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు రోజుల సెలవడిగితే, మరి నీ లాకు ఎవరు చూస్తారని అడిగారట అప్పటి ఇంజనీరు గారు. తాతబ్బాయి వెనక్కి వెళ్ళి చక్రం పట్టుకున్నాడు. మళ్ళీ అడగలేదు. అలా అతని పేరున జీతపు సెలవులు హద్దు దాకా నిండి రెండొందల నలభై దగ్గర ఆగిపోయాయి. జబ్బు సెలవులు ఆరొందల ఇరవై. అన్ని డివిజన్లలోనూ అంత నిల్వ ఇంకెవరికీ లేదు.

ఇప్పుడతనికి ఎనిమిది రోజులు కావాలి. అతని భార్య మంగతాయారుకు రెండు కళ్ళలోనూ పొర వచ్చింది. పొయ్యి మీద గిన్నె అనుకుని మంట మీద చెయ్యి పెట్టింది. పట్నంలో కంటి ఆసుపత్రి డాక్టరు కుడి కంట్లో పొర బాగా ముదిరిందని, ఆగస్టు పన్నెండున కోస్తానని చెప్పాడు. ఆ తేదీ దాటితే మళ్ళీ వంతు దీపావళి తర్వాతే. ఈలోగా పొర పగిలితే ఇక ఆ కంటికి చూపు రాదు. ఆ రోజుల్లో కంటి ఆపరేషనంటే ఎనిమిది రోజులు కట్టుతో పడుకోవాలి, పక్కన మనిషి ఉండాలి. వాళ్ళకు పిల్లలు లేరు. లాకు దగ్గర ఇంకో ఇల్లు లేదు.

ఇదంతా తాతబ్బాయి చెప్పలేదు. అర్జీలో రాయించుకొచ్చాడు. చయనులు గారు అర్జీ రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"నీ సెలవులు ఎక్కడికీ పోలేదు తాతబ్బాయీ. భద్రంగా ఉన్నాయి. సీలు వేశాం."

"నాకు ఎనిమిదే కావాలండి."

"ఎవరికైనా ఒకటీ అరా సర్దొచ్చునేమో గాని నీకు కుదరదయ్యా. నీదే అన్నిటికన్నా పెద్ద నిల్వ. నీది కదిలిస్తే లెక్క మొత్తం కదిలిపోతుంది."

తాతబ్బాయి బీరువా వంక చూశాడు. లక్క ఇంకా మెరుస్తోంది. చెప్పకుండా వెళ్ళిపోతే గైరుహాజరు రాస్తారు, ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసుకు గండి పడుతుంది. అది అతనికి తెలుసు. అలాగేనండి అని వెళ్ళిపోయాడు. అప్పటికి పన్నెండో తేదీ ఇంకా ఇరవై మూడు రోజులుంది.

వారం తిరిగేసరికి పై ఆఫీసునుంచి తనిఖీ అధికారి దిగారు. పేరు పినాకపాణి గారు. వయసు ముప్పై దాటి ఉండదు. మాట మాత్రం ఎనభై ఏళ్ళ మాట. కూర్చోండి అంటే, ఆసీనుణ్ణి కావడానికి అభ్యంతరం లేదనేవారు. ఇంజనీరు గారికి ఆయన్ను చూడగానే గౌరవం కలిగింది.

నా ఎదురుగానే సీలు విప్పించి పుస్తకం చూశారు. చూసి మూసేశారు.

"ఇది కాగితము. నిల్వ ఏదీ?"

చయనులు గారు నిల్వ అందులోనే ఉందన్నారు. పినాకపాణి గారు తల అడ్డంగా ఊపారు. తాను సిమెంటు తనిఖీకి వెళ్ళినప్పుడు చిట్టా చూసి రాలేదని, బస్తా ముట్టుకుని, నొక్కి, గట్టిపడిందో లేదో చూసి వచ్చానని చెప్పారు. సెలవు ఉన్నదీ లేనిదీ, ఉంటే బాగున్నదీ చెడినదీ, తీసి వాడి చూస్తేనే తెలుస్తుందన్నారు. కాబట్టి నమూనాగా కొందరి చేత తలా ఒక రోజు సెలవు పెట్టించి, పక్కన ఉండి స్వయంగా పరిశీలిస్తానన్నారు. పుస్తకం మళ్ళీ గుడ్డలోకి వెళ్ళింది. మళ్ళీ లక్క కరిగించాను.

మొదటి నమూనా చయనులు గారే. పొద్దున పదింటికి పినాకపాణి గారు వాళ్ళ అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. చయనులు గారు కాసేపు పంచాంగం చూశారు. కాసేపు లోపలికీ బయటికీ తిరిగారు. ఇంట్లో ఆవిడ, ఊరికే ఉన్నారుగా, ఆ బెండకాయలు తరగండి అంది. పదకొండున్నరకు ఆయన చొక్కా తొడుక్కుని ఆఫీసుకు వచ్చేశారు. వెనకే పినాకపాణి గారు వచ్చి రాసుకున్నారు: "నాసిరకము. గంటన్నరకు మించి నిలువలేదు."

రెండో నమూనా రికార్డుల గదిలో పనిచేసే ఆయన. ఆయన ఇంట్లో పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా నిద్రపోయాడు. ముందురోజు ఆఫీసులో కూడా అంతే కావడం వల్ల సెలవుకూ పనికీ తేడా కనుగొనలేకపోతినని పినాకపాణి గారు రాశారు.

తర్వాత జబ్బు సెలవుల వంతు వచ్చింది. ఇది ఇంకా చిక్కు. జబ్బు సెలవు అన్నది పాత్ర అనీ, జబ్బు అందులోని పదార్థమనీ, పదార్థం లేని పాత్రను నిల్వగా పరిగణించజాలమనీ పినాకపాణి గారు ఇంజనీరు గారికి వివరించారు. సిబ్బందికి ఇన్ని వేల రోజుల జబ్బు సెలవులు ఉన్నాయంటే అన్ని వేల రోజుల జబ్బులు రావలసి ఉండి రాలేదన్నమాట. అవి ఎక్కడ ఆగిపోయాయో తేల్చాలి. ఇంజనీరు గారు ఒక సంఘం వేశారు.

సంఘం మూడుసార్లు కూర్చుంది. టీ నేనే ఇచ్చాను. హోదాను బట్టి జబ్బులు పంచారు. నాలుగో తరగతి సిబ్బందికి జ్వరం నూటొకటి దాకా; అది దాటాలంటే ఇంజనీరు గారి ముందస్తు అనుమతి ఉండాలి. చక్కెర జబ్బు, రక్తపోటు గుమాస్తా హోదానుంచి మొదలు. గుండెకు సంబంధించినవి అధికారులకే. గిడ్డంగి కాపలాదారు నూకరాజుకు అప్పటికే ఆరేళ్ళనుంచి చక్కెర జబ్బుంది. అర్హత లేకుండా ఎలా అనుభవిస్తున్నావని సంజాయిషీ అడిగారు. ఉత్తర్వు రాకముందు తెలియక వచ్చిందని రాసిచ్చాడు. ఈసారికి క్షమించి, ఇకమీదట జ్వరాలకు పరిమితం కమ్మన్నారు.

నాకూ ఒక మెమో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్కసారి కూడా జబ్బు పడకపోవడానికి కారణం తెలుపమని. కారణం నాకు తెలియదు. అదే రాయించి, వేలిముద్ర కాదు, సంతకమే పెట్టాను. మూడు నెలల్లోగా తెచ్చుకోమని ఎడమకాలి వాపు కేటాయించారు.

ఇలా ఆగస్టు ఎనిమిది వచ్చింది. తాతబ్బాయి మళ్ళీ వచ్చాడు. ఈసారి అర్జీ లేదు. మంగతాయారును కూడా తీసుకొచ్చాడు. ఆవిడ అతని భుజం మీది తువ్వాలు కొస పట్టుకుని నడిచింది. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, అతను చయనులు గారి గుమ్మంలో నిలబడ్డాడు. చయనులు గారు ఆవిణ్ణి చూసి, వెంటనే ఫైల్లోకి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. నాలుగో అంశం అలా ఉంది.

"నేను రానన్నానండి," అంది మంగతాయారు వరండాలోంచి. "ఈయనే, చూత్తే ఇత్తారేమోనని. వాళ్ళు నన్ను చూడ్డానికేం, నాకే వాళ్ళు కనపడరు."

నాకు మాట్లాడే అలవాటు తక్కువ. ఆఫీసులో నా పని కాగితం మోయడమే. కాని సరుకు తనిఖీల్లో ఇరవై ఏళ్ళు బస్తాలు జరిపాను. ఆ పని ఎలా చేస్తారో నాకు తెలుసు. టీ గ్లాసు పట్టుకుని పినాకపాణి గారి గదిలోకి వెళ్ళాను. ఆయన నమూనాల పట్టీ చూసుకుంటున్నారు.

"పెద్ద కుప్ప చూడలేదండి మీరు," అన్నాను.

ఆయన తలెత్తారు.

"సిమెంటు చూసేటప్పుడు ముందు పెద్ద కుప్పే చూత్తారు కదండి. పాతదయ్యేకొద్దీ అడుగు బస్తాలు గట్టిపడిపోతాయి. తాతబ్బాయిది ముప్పై ఒక్క ఏళ్ళ కుప్పండి. ఒక్క బస్తా తీత్తే తెలీదు. ఎనిమిదన్నా తియ్యాలి."

పినాకపాణి గారు పట్టీ పక్కకు పెట్టారు. తర్వాత కలం తీశారు. సూత్రప్రాయముగా సమంజసము అన్నారు. నాతోనో, తనతోనో తెలియదు.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. లష్కరు తాతబ్బాయి నిల్వనుండి పన్నెండో తేదీ మొదలు ఎనిమిది రోజులు నమూనాగా తీయవలెను. తీసిన సెలవు పరిశీలన ముగియువరకు అధికారి కంటికి దూరము కారాదు. లష్కరు ఎచటికేగిన అధికారియు అచటికేగవలెను. సాక్షిగా ఒక బంట్రోతు. అది నేను.

లాకు ఎవరు చూస్తారని ఇంజనీరు గారు అడిగారు. తన నమూనా విఫలమైనందుకు చయనులు గారు అప్పటికే దిగులుగా ఉన్నారు. నిబంధనల పుస్తకం తీసుకుని తాను వెళ్తానన్నారు. తాతబ్బాయి ఆయనకు చక్రం చూపించి, ఎన్ని చుట్లకు ఎంత నీరో చెప్పి, జాగర్తండి అని మూడుసార్లు చెప్పి, బస్సెక్కాడు.

పన్నెండో తేదీ పొద్దున్నే ఆపరేషను అయింది. మంగతాయారుకు రెండు కళ్ళకూ కట్టు కట్టి వార్డులో పడుకోబెట్టారు. తాతబ్బాయి మంచం కింద, నేను గోడ వార, పినాకపాణి గారు కుర్చీలో, ఒళ్ళో రిజిస్టరు. ఎవరీయన అని నర్సు అడిగింది. మా సెలవు చూడ్డానికొచ్చారని తాతబ్బాయి చెప్పాడు. ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

పినాకపాణి గారు నిజాయితీగా పరిశీలించారు. ఆయన్ను అందుకు తప్పు పట్టలేను. ఉదయం నాలుగింటికి లష్కరు లేచెను. వేడినీళ్ళకు వెళ్ళెను. గంజి కాచి తెచ్చెను. బట్టలుతికెను. మందుల చీటీతో క్యూలో నిలిచెను. ఇలా అన్నీ రాసుకున్నారు. రెండో రోజు మధ్యాహ్నం కలం మూసి, ఇందులో సెలవు కానరావడం లేదని, కాస్త సెలవును అనుభవించమని తాతబ్బాయికి చెప్పారు. తాతబ్బాయి అలాగేనండి అని బల్ల మీద కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని గట్టిగా ప్రయత్నించాడు. అయిదు నిమిషాలకు పక్క మంచం ముసలాయన మంచినీళ్ళు అడిగాడు, లేచి వెళ్ళాడు. పినాకపాణి గారు నిట్టూర్చి అదీ రాసుకున్నారు.

మంగతాయారు సంగతీ అంతే. కళ్ళకు కట్టుందే గాని చేతులకు లేదు. వార్డులో వాళ్ళందరి వెల్లుల్లీ తడిమి ఒలిచి పెట్టింది. ఎవరి పిల్లాడో ఏడిస్తే ఒళ్ళో వేసుకుంది.

మూడో రోజు కట్టు పలచన చేసి, కంట్లో చుక్కల మందు వేయాలన్నారు. రోజుకు అయిదుసార్లు. వేశాక పది నిమిషాలు కదలకుండా పడుకోవాలి. తాతబ్బాయి మొదటిసారి వేశాడు. ముప్పై ఒక్క ఏళ్ళు ఇనప చక్రం తిప్పిన వేళ్ళు. సీసాను చక్రంలాగే నొక్కాడు. మందు సగం ఆవిడ చెవిలోకి పోయింది. నర్సు చుట్టూ చూసింది. నా చేతులూ చూసింది. ఆఖరికి సీసా తీసుకెళ్ళి పినాకపాణి గారి చేతిలో పెట్టింది.

"మీరు ఊరికే కూర్చున్నారు కదా. పట్టుకోండి."

తాను విధి నిర్వహణలో ఉన్నానని ఆయన చెప్పబోయారు. ఆవిడ అప్పటికే ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. పినాకపాణి గారు లేచి, రిజిస్టరు నాకిచ్చి, ఒక చుక్క వేశారు. సరిగ్గా కంట్లో పడింది.

"ఎవరు బాబూ అది? చెయ్యి మెత్తగా ఉంది," అంది మంగతాయారు.

"తనిఖీ అధికారినమ్మా."

"ఓహో మీరా. ఈయన సెలవు చూత్తన్నారంట. కనపడిందా?"

"ఇంతవరకు లేదమ్మా."

"నాకంటే కట్టుంది. మీకూ కనపడలేదా?"

నేను గోడ వైపు తిరిగాను. నవ్వితే సాక్ష్యం చెడుతుందేమోనని.

ఆ తర్వాత రోజుకు అయిదుసార్లు ఆయనే వేశారు. వేశాక ఆ పది నిమిషాలూ ఆవిడ కదలకూడదు, ఆయన కుర్చీ కదలదు. మాటలు నడిచేవి. అయిదో రోజున ఆవిడే అడిగింది.

"ఈయనవి బీరువాలో ఉన్నాయంట కదా బాబూ, సీలేసి. నావి ఎక్కడున్నాయో కూడా చూసి పెట్టండి."

ఇంకొకరైతే నవ్వేసేవారు. పినాకపాణి గారు నవ్వలేదు. కొత్త కాగితం తీశారు. చేరిన తేదీ అడిగారు. పదహారో ఏట, మాఘమాసంలో కాపరానికొచ్చానంది. ఆదివారాలు విరామం ఉన్నదా అని అడిగారు. ఆదివారం ఈయన అన్నం తినడా అంది. జబ్బు చేసినప్పుడు? జబ్బు చేస్తే కూర్చుని వండేదాన్నంది. ముప్పై మూడేళ్ళు. ఆయన వేళ్ళు మడిచి, కాగితం మీద కూడి, కొట్టేసి, మళ్ళీ కూడారు. చుక్క మందు పది నిమిషాలు అయిపోయినా ఇద్దరూ కదలలేదు.

"చాలా ఉన్నవి గాని అమ్మా, రెండొందల నలభై మించినవి మురిగిపోవును. అది నిబంధన," అన్నారు చివరికి.

"మురిగిపోయాయని తెలుసు బాబూ," అంది మంగతాయారు. "ఎన్నో తెలీదు. అంతే."

పినాకపాణి గారు ఆ పూట రిజిస్టరులో ఇంకేమీ రాయలేదు. తాతబ్బాయి గంజి గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో నాకు తెలియదు.

ఎనిమిదో రోజున కట్టు విప్పారు. వార్డంతా ఒక్క క్షణం వెల్లుల్లి వదిలి చూసింది. మంగతాయారు ముందు తాతబ్బాయిని చూసింది. "ఇంత నెరిసిపోయారేంటి," అంది. తర్వాత కుర్చీ వైపు తిరిగింది. "ఈ కుర్రాడా. మాట విని అరవై ఏళ్ళాయన అనుకున్నాను."

పినాకపాణి గారికి మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, చిత్తం అన్నారు.

డాక్టరు చూపు బాగా వచ్చిందన్నాడు. వెళ్ళేటప్పుడు ఎడమ కంట్లో పొర కూడా ముదురుతోందని, దాన్ని నవంబరు పద్నాలుగున కోస్తానని, ఆలస్యం చేయొద్దని చీటీ రాసిచ్చాడు. తాతబ్బాయి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బస్సులో మంగతాయారు కిటికీలోంచి కనపడిన ప్రతిదాని పేరూ చెప్పింది.

లాకు దగ్గర చయనులు గారు నల్లబడి ఉన్నారు. మొదటి రోజు రైతులు నీళ్ళకోసం వస్తే రెండు ప్రతుల్లో అర్జీ పెట్టమన్నారట. రెండో రోజునుంచి రైతులే చక్రం తిప్పుకుని, ఆయనకు మజ్జిగ ఇచ్చి గట్టు మీద చాప వేశారట. ఎనిమిది రోజులూ నీళ్ళ చప్పుడు వింటూ పడుకున్నారు. చెప్పులు లేకుండా తిరిగారు. ఒక సాయంత్రం ఈత కూడా కొట్టారు. తిరిగొచ్చేటప్పుడు నాతో రహస్యంగా, "గవర్రాజూ, సెలవంటే ఇలా ఉంటుంది కాబోలురా," అన్నారు. ఆ ఎనిమిది రోజులూ ఆయన డ్యూటీలో ఉన్నట్టు లెక్క. తనిఖీ ఆయనకు చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు.

నివేదిక వారానికి వచ్చింది. ఇంజనీరు గారి గదిలో పినాకపాణి గారే నిలబడి చదివారు. లష్కరు నిల్వనుండి తీసిన ఎనిమిది రోజులను అహర్నిశలు పరిశీలించగా, వానిలో సెలవు ఏ మూలను కానరాలేదు. లష్కరు అన్ని దినములు పనిలోనే ఉండెను. కావున ఆ ఎనిమిది రోజులను నిల్వలో తిరిగి జమ చేయవలెను.

"మరి ఎనిమిది రోజులూ అతను ఎక్కడున్నట్టు?" అన్నారు ఇంజనీరు గారు.

"డ్యూటీలో, సార్."

"లాకు దగ్గర లేడు కదా."

"లాకు దగ్గర లేడు సార్. డ్యూటీలో ఉన్నాడు."

ఇంజనీరు గారు కాగితం ముందుకీ వెనక్కీ తిప్పారు. చివర ఇంకో పేరా ఉంది. మూడవ దినము మొదలు ఎనిమిదవ దినము వరకు, దినమునకు అయిదు పర్యాయములు, పర్యాయమునకు పది నిమిషముల చొప్పున, మొత్తము అయిదు గంటల స్వచ్ఛమైన సెలవు కంటబడినది. దానిలో ఏ లోపమూ లేదు. అయితే అది లష్కరుది కాదు. లష్కరు భార్యది.

"ఆవిడకు మన దగ్గర ఖాతా ఉందా?"

"లేదు సార్."

"మరి దీన్నెక్కడ రాస్తాం?"

చయనులు గారు కొంచెం ఆలోచించి, ఒక విడి కాగితం మీద రాసి పుస్తకంలో పెడదామన్నారు. అలాగే చేశారు. పుస్తకం మళ్ళీ ఇనప బీరువాలోకి వెళ్ళింది, తాళం మీద లక్క. తొంభై ఒక్క వేల నూట అరవైలో ఒక్కటి కూడా తగ్గలేదు. ఇంజనీరు గారు ఆ పూట తలనొప్పి అన్నారు. అది ఆయన హోదాకు తక్కువ జబ్బే గాని ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పినాకపాణి గారు పై ఆఫీసుకు వెళ్ళిపోయారు. తనిఖీ ముగిసిందనీ చెప్పలేదు, ముగియలేదనీ చెప్పలేదు. నాలుగో అంశం అలాగే ఉంది.

అక్టోబరు ఆఖరున తాతబ్బాయి మళ్ళీ అర్జీ పట్టుకొచ్చాడు. చయనులు గారు ఈసారి అతన్ని కూర్చోమన్నారు. అర్జీ చదవలేదు, అందులో ఏముంటుందో ఆయనకు తెలుసు. బీరువా వంక చూశారు. నా వంక చూశారు. నా దగ్గర ఇంకో కుప్ప లేదు. పెద్ద కుప్ప ఒకసారే దొరుకుతుంది. తాతబ్బాయి అర్జీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నాలుగు రోజులకు పై ఆఫీసునుంచి కవరొచ్చింది. చయనులు గారు విప్పి చదివారు. చదివి, నన్ను లాకుకు వెళ్ళి ఇచ్చి రమ్మన్నారు. తొమ్మిది మైళ్ళు సైకిలు తొక్కాను.

తాతబ్బాయి చక్రం దగ్గర ఉన్నాడు. కాగితం తీసుకుని మంగతాయారుకు ఇచ్చాడు. అతనికి చదువు రాదు. ఆవిడకు వచ్చు, ఏడేళ్ళనుంచి చూపు ఆనక చదవలేదు. గుమ్మంలో వెలుతురుకు పట్టుకుని, కొత్త కంటితో, ఒక్కో అక్షరమే పైకి చదివింది.

"లష్కరు నిల్వనుండి తీసిన ఒక్క నమూనాపై తుది నిర్ణయమునకు వచ్చుట శాస్త్రసమ్మతము కాదు. కావున అదే నిల్వనుండి రెండవ నమూనాగా నవంబరు పద్నాలుగు మొదలు ఎనిమిది రోజులు తీయవలెను. అధికారి స్వయముగా హాజరగును. చుక్కల మందు వేయు విధానము అతనికి ఇదివరకే పరిచితము గనుక, ఆ విషయమై వేరు ఏర్పాట్లు చేయనక్కరలేదు."